కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్ వాడకం: స్క్రూ తల పాడవకుండా, చెక్క చీలకుండా బిగించే పద్ధతి

"మెషిన్ తెచ్చుకున్న మొదటి రోజే నాలుగు స్క్రూల తలలు గుండ్రంగా అరిగిపోయాయండీ, మెషిన్‌లోనే లోపమా?" అని ఒకరు అడిగారు. ఇంకొకరి సమస్య దీనికి తిరగేసినది, స్క్రూ బాగానే దిగింది గానీ ఆగకుండా దిగి బోర్డు అవతలికి పొడుచుకొచ్చింది. మరికొందరికి సగం దిగి ఆగిపోతుంది, మోటారు మూలుగుతుంది, అంతే.

ఈ మూడింటిలోనూ మెషిన్ తప్పు ఉండటం చాలా అరుదు. మెషిన్ చేసేది తిప్పడం ఒక్కటే. బిట్‌ను (మెషిన్ ముందు పెట్టే మొన ఉన్న కడ్డీని) స్క్రూలోకి నొక్కి పట్టడం, తిన్నగా నిలబెట్టడం, ఆపాల్సిన చోట ఆపడం ఇంకా మన చేతి పనే. మామూలు స్క్రూడ్రైవర్‌తో ఇవన్నీ తెలియకుండానే చేసేస్తాం, ఎందుకంటే తిప్పే చెయ్యే నొక్కుతుంది, స్క్రూ బిగుసుకున్న సంగతి కూడా ఆ చేతికే ముందు తెలుస్తుంది. మెషిన్ వచ్చాక తిప్పడం దాని పనైపోయింది కాబట్టి మిగతావి మర్చిపోతాం. కింద రాసిందంతా అలా మర్చిపోయేవాటి గురించే.

1. మీ చేతిలో ఉన్నది ఏ మెషిన్?

ఇళ్లల్లో అన్నిటినీ "స్క్రూడ్రైవర్ మెషిన్" అనేస్తాం గానీ నిజానికి మూడు రకాలున్నాయి, ఒకదానితో చేయాల్సిన పని ఇంకొకదానితో చేయబోతేనే సగం గొడవలు.

చిన్నది 3.6 లేదా 4 వోల్టులది. అరచేతిలో ఇమిడిపోతుంది, చాలావరకు యూఎస్‌బీ తీగతోనే ఛార్జి అవుతుంది, నిమిషానికి 200 చుట్లు అటూఇటూగా నెమ్మదిగా తిరుగుతుంది. దీని తిప్పే బలం 3 నుంచి 6 న్యూటన్ మీటర్లు, అంటే గట్టి చెయ్యి ఉన్న మనిషి బలానికి దగ్గర. అల్మారా బిగించడం, హ్యాండిల్ మార్చడం, బొమ్మల బ్యాటరీ మూతలు విప్పడం లాంటివాటికి బ్రహ్మాండం. గోడకు బెజ్జం వేయడం దీనివల్ల కాదు.

రెండోది 12 లేదా 18 వోల్టుల డ్రిల్ డ్రైవర్. ముందువైపు బిట్‌ను పట్టి ఉంచే మూడు దవడల చక్ ఉంటుంది, దాని వెనక, ఎంత బలం దగ్గర ఆగాలో చెప్పే అంకెలున్న క్లచ్ రింగ్. స్క్రూలూ బిగిస్తుంది, చెక్కకు బెజ్జాలూ వేస్తుంది. మూడోది ఇంపాక్ట్ డ్రైవర్. స్క్రూ గట్టిగా తగిలినప్పుడు లోపల సుత్తిలా టకటకా కొడుతూ తిప్పుతుంది. పెద్ద పొడుగు స్క్రూలకు అదే సరి, కానీ అల్మారాల స్క్రూల మీద పెడితే ఒక్క సెకనులో బోర్డును పిండి చేస్తుంది. అల్మారా పనే ఉందంటే దాన్ని పెట్టెలోంచి తీయకండి.

ఈ మార్గదర్శి ముఖ్యంగా మొదటి రెండింటి కోసం.

2. బిట్ ఎంపిక: ఇక్కడ ఆదరాబాదరా వద్దు

స్క్రూ తలలు అరిగిపోయాయని చెప్పేవాళ్లను నేను మొదట అడిగేది ఏ బిట్ వాడారు అని. "ప్లస్ బిట్" అంటారు. ప్లస్‌లో రెండు జాతులున్నాయి, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు.

ఒకటి ఫిలిప్స్. స్క్రూ తల మీద మామూలు కూడిక గుర్తు మాత్రమే కనిపిస్తుంది. బిట్ మీద పీహెచ్ అని, పక్కన సైజు అంకె ఉంటుంది. రెండోది పోజిడ్రైవ్. కూడిక గుర్తు గీతల మధ్య ఇంకో నాలుగు సన్నని గీతలు ఐమూలగా ఉంటాయి, దూరం నుంచి చూస్తే చిన్న నక్షత్రంలా అనిపిస్తుంది. దీని బిట్ మీద పీజెడ్ అని ఉంటుంది. విడి భాగాలుగా వచ్చే ఫర్నిచర్‌లోనూ, చెక్క స్క్రూల్లోనూ పోజిడ్రైవ్ బాగా కనిపిస్తుంది, మనమేమో కళ్లు మూసుకుని పీహెచ్2 పెట్టేస్తాం. అది లోపల ఊగుతుంది. చేత్తో తిప్పితే ఎలాగో నెట్టుకొస్తాం, మెషిన్‌తో అయితే బిట్ ఎగిరెగిరి తల మధ్యలో గుంత చేసేస్తుంది.

సైజులు 1, 2, 3. ఇంట్లో ఎక్కువగా తగిలేది 2. బొమ్మలు, చిన్న కరెంటు సామాన్లకు 1 లేదా అంతకన్నా చిన్నవి. ఆరు మొనల నక్షత్రం తల ఉంటే అది టార్క్స్, దాని బిట్‌కు టీ20, టీ25 లాంటి అంకెలుంటాయి. స్క్రూలు మీరే కొనుక్కునేటట్టయితే టార్క్స్ తీసుకోండి అనేది నా సలహా, బిట్ జారడం దాదాపు ఉండదు. ఒకే గీత ఉన్న మైనస్ స్క్రూలకు మెషిన్ అసలు పెట్టొద్దు, బిట్ పక్కకు జారి చెక్క మీద గీత పెడుతుంది, చెయ్యి అడ్డం ఉంటే చేతి మీద.

బిట్ సరిపోయిందో లేదో చూడటానికి ఓ తేలిక పరీక్ష:

- మెషిన్ ఆపి ఉంచి, బిట్‌ను స్క్రూ తలలో పెట్టండి.
- వేళ్లతో బిట్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. ఆట ఉండకూడదు.
- స్క్రూను పైకెత్తి అడ్డంగా పట్టుకోండి. బిట్‌కు అయస్కాంతం లేకపోయినా కాసేపు నిలబడితే సరైన బిట్.
- బిట్ మొన అంచులు వెలుతురులో చూడండి. మెరుస్తూ గుండ్రంగా కనిపిస్తే అది అరిగిపోయింది, పారేయండి.

చివరిది చాలామందికి మనసొప్పదు. మెషిన్‌తో వచ్చిన బిట్ జీవితాంతం వస్తుందనుకుంటారు. బిట్ అంటే పెన్సిల్ మొన లాంటిది, అరుగుతుంది, మారుస్తాం. అరిగిన ఒక్క బిట్ పది స్క్రూలను పాడుచేస్తుంది.

బిట్ల వెనక కాడ ఆరు పలకలుగా, పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు ఉంటుంది. దాదాపు అన్ని మెషిన్లకూ ఇదే కొలత కాబట్టి ఏ కంపెనీ బిట్ అయినా పట్టేస్తుంది. చిన్న మెషిన్లో బిట్‌ను నేరుగా తోసి, ఒకసారి లాగి చూడండి. చక్ ఉన్నదానిలో అయితే మూడు దవడలూ పలకల మీద సమంగా కూర్చున్నాయా చూసి బిగించండి, లేకపోతే బిట్ వంకరగా గిరగిరా తిరుగుతుంది.

3. మొదలెట్టే ముందు

ఐదు నిమిషాల పని. ఇది దాటేసి మొదలెడితే పని మధ్యలో ఒక చేత్తో బోర్డు పట్టుకుని ఇంకో చేత్తో బిట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది, ఆ టెన్షన్‌లోనే తప్పులు జరుగుతాయి.

- బ్యాటరీ నిండుగా ఉందా? సగం పనిలో నీరసపడ్డ మెషిన్ స్క్రూను సగంలో వదిలేస్తుంది.
- దిశ మీట ఎటువైపుంది? ముందుకు అంటే బిగించడం, వెనక్కి అంటే విప్పడం. చాలా మెషిన్లలో ఆ మీట మధ్యలో ఉంటే ట్రిగ్గర్ లాక్ అవుతుంది. బిట్ మార్చేటప్పుడు, పక్కన పెట్టేటప్పుడు మధ్యలో పెట్టండి.
- కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకున్నారా? తలపైన, పైకప్పు వైపు పనిచేస్తుంటే ఇది తప్పనిసరి.
- విరబోసిన జుట్టు, వేలాడే బట్ట, చేతికి వదులు గొలుసు ఉన్నాయా? ఉంటే కట్టేయండి, తీసేయండి. తిరిగే బిట్ దగ్గర వదులు చేతితొడుగులు కూడా వద్దు, పీచు చుట్టుకుంటే వేలిని కూడా లాగుతుంది.
- బిగించాల్సిన వస్తువు కదలకుండా ఉందా? వస్తువును బిగించి పట్టే క్లాంప్ ఉంటే మంచిది, లేకపోతే గోడకో నేలకో ఆనించండి.
- అదే రకం పనికిరాని చెక్క ముక్క ఒకటి దగ్గరుందా?
- మామూలు స్క్రూడ్రైవర్ జేబులో ఉందా?

చివరి రెండూ ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

4. స్క్రూ పొడవు, ముందుగా వేసే బెజ్జం

రెండు చెక్కల్ని కలుపుతున్నారనుకోండి. పై చెక్క ఎంత మందమో దానికి రెండింతలైనా స్క్రూ కింది చెక్కలోకి దిగాలన్నది మామూలు లెక్క. పై పలక 12 మిల్లీమీటర్లైతే 36, అంటే 35 లేదా 40 మిల్లీమీటర్ల స్క్రూ. కింది చెక్క అంత మందం లేకపోతే అవతలికి పొడుచుకురాకుండా కనీసం 3 మిల్లీమీటర్లు మిగిలేలా పొట్టి స్క్రూ తీసుకోండి. స్క్రూను చెక్క అంచు పక్కన పెట్టి చూస్తే కొలిచే పని కూడా ఉండదు, కంటికే తెలిసిపోతుంది.

ఇక బెజ్జం. "మెషిన్ ఉంది కదా, నేరుగా దింపేస్తే పోలా" అనిపిస్తుంది. మెత్తటి చెక్క మధ్యలో అయితే దిగుతుంది కూడా. కానీ గట్టి చెక్కలో, అంచులకు దగ్గర, ఎండిన పాత చెక్కలో బెజ్జం లేకుండా దింపితే చెక్క చీలుతుంది లేదా స్క్రూ మెడ విరుగుతుంది. నల్లగా సన్నగా ఉండే జిప్సమ్ బోర్డు స్క్రూలు మరీ పెళుసు, గట్టి చెక్కలో పుటుక్కున తెగిపోతాయి.

బెజ్జం స్క్రూ నడుముకు, అంటే మధ్య కడ్డీకి సరిపోవాలి, దాని చుట్టూ ఉండే మెలికలకు, అంటే మరలకు కాదు. స్క్రూను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, దాని ముందు డ్రిల్ బిట్ పెట్టి చూడండి. మధ్య కడ్డీ కనిపించకుండా పోయి, రెండు పక్కలా మరల అంచులు మాత్రం కనిపించాలి. అంకెల్లో కావాలంటే మామూలు చెక్కకు ఇలా:

- 3 మి.మీ. స్క్రూకు 2 మి.మీ. బెజ్జం
- 4 మి.మీ. స్క్రూకు 2.5 మి.మీ.
- 5 మి.మీ. స్క్రూకు 3 మి.మీ.
- గట్టి చెక్క అయితే ప్రతిదానికీ ఓ అర మిల్లీమీటరు కలపండి

ఇంకొక సంగతి, ఇది చాలామంది వదిలేస్తారు. రెండు చెక్కల్ని కలిపేటప్పుడు పై చెక్కలో బెజ్జం స్క్రూ మొత్తం లావు పట్టేంత ఉండాలి, స్క్రూ అందులో వేళ్లతో తోస్తే జారాలి. లేకపోతే మరలు రెండు చెక్కల్లోనూ ఒకేసారి పట్టుకుంటాయి, మధ్యలో ఉన్న సందు ఎంత తిప్పినా మూసుకోదు. "ఎంత బిగించినా గ్యాప్ పోవట్లేదు" అనేవాళ్లందరి జబ్బూ ఇదే.

చిన్న మెషిన్ ఒక్కటే ఉంటే, ఆరు పలకల కాడ ఉన్న సన్న డ్రిల్ బిట్‌తో చెక్కలో 2, 3 మిల్లీమీటర్ల బెజ్జం మెల్లగా వేసుకోవచ్చు. అదీ లేకపోతే, స్క్రూ చిన్నదైతే సన్నని మేకును కొద్దిగా కొట్టి ఊడబీకండి, ఆ గుంత చాలు. లోతు దాటిపోకుండా డ్రిల్ బిట్‌కు కావలసిన చోట టేపు ముక్క చుట్టుకోండి, టేపు చెక్కను తాకగానే ఆపేయడమే.

గట్టి చెక్కలోకి పొడుగు స్క్రూ దింపేటప్పుడు మరలకు కొవ్వొత్తి మైనం రాయండి, తేడా మీకే తెలుస్తుంది. కొందరు సబ్బు రాస్తారు, పని అవుతుంది గానీ సబ్బు తేమను పట్టి ఉంచుతుంది, స్క్రూ తుప్పు పడుతుంది.

5. బిగించడం: ఒక్కో అడుగు

మొదట ఆ పనికిరాని చెక్క ముక్క మీద రెండు మూడు స్క్రూలు బిగించి చేతికి అలవాటు చేసుకోండి. తర్వాత అసలు దాని మీదకు రండి.

అడుగు 1. స్క్రూను బెజ్జంలో పెట్టి వేళ్లతోనే ఒకటి రెండు చుట్లు తిప్పండి. నిలబడాలి. స్క్రూను బిట్ చివర అయస్కాంతానికి అంటించి నేరుగా గోడ మీదకు తీసుకెళ్లడం చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది, అలవాటయ్యాక చేయొచ్చు.

అడుగు 2. బిట్‌ను తలలో కూర్చోబెట్టి, మెషిన్, బిట్, స్క్రూ మూడూ ఒకే గీతలో ఉన్నాయా చూడండి. ఒక్క వైపు నుంచి చూస్తే సరిపోదు. ముందు నుంచి తిన్నగా కనిపించేది పక్క నుంచి చూస్తే వాలి ఉంటుంది. తల వంచి రెండో వైపు నుంచీ చూడండి.

అడుగు 3. ట్రిగ్గర్ నొక్కకముందే ముందుకు నెట్టండి. ఈ వరుస ముఖ్యం, నెట్టాక తిప్పాలి. మోచేయి మెషిన్ వెనకాలే ఉండాలి, భుజం బలం దాని గుండా స్క్రూలోకి పోవాలి. మణికట్టుతో తోస్తే మెషిన్ మూతి పైకి లేస్తుంది. ఫిలిప్స్ తలలో గీతల పక్కలు ఏటవాలుగా ఉంటాయి, తిప్పుతున్నకొద్దీ బిట్‌ను బయటికి తోస్తుంటాయి. ఆ తోపుకు ఎదురు నిలిచేది మీ నెట్టుడే.

అడుగు 4. మెల్లగా మొదలెట్టండి. ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగం వచ్చే మెషిన్ అయితే మొదటి మూడు నాలుగు చుట్లు చాలా నెమ్మదిగా, మరలు పట్టుకున్నాక కాస్త వేగం. డ్రిల్ డ్రైవర్‌లో పైన 1, 2 అని గేరు మీట ఉంటే స్క్రూలకు ఎప్పుడూ 1. ఒకటిలో వేగం తక్కువ, బలం ఎక్కువ.

అడుగు 5. స్క్రూ తల చెక్కకు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే వేగం తగ్గించండి. ఆన్, ఆఫ్ తప్ప వేగం మారని చిన్న మెషిన్ అయితే ట్రిగ్గర్‌ను చిన్న చిన్నగా నొక్కుతూ వదులుతూ రండి.

అడుగు 6. తల చెక్కను తాకగానే ఆపండి. మిగతా అర చుట్టు జేబులో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్‌తో. అవును, మెషిన్ ఉండగా కూడా. "మరి మెషిన్ ఎందుకు?" అంటారా, ఇరవై చుట్లలో పంతొమ్మిదిన్నర అది తిప్పింది కదా. ఆ చివరి అర చుట్టులోనే బోర్డులు పాడవుతాయి.

ఒకే వస్తువుకు నాలుగు స్క్రూలుంటే మొదటిదాన్ని పూర్తిగా బిగించేయకండి. నాలుగూ కాస్త వదులుగా దింపి, వస్తువు సరిగ్గా కూర్చుందో లేదో చూసి, అప్పుడు ఒక మూల తర్వాత దాని ఎదురు మూల చొప్పున బిగించండి. మొదటిదే బిగిస్తే నాలుగోదాని బెజ్జం ఎదురుగా రాదు, దాన్ని రప్పించడానికి స్క్రూను వాలుగా దింపుతారు, ఆ తర్వాత కథ మీకు తెలిసిందే.

6. క్లచ్ రింగ్

చక్ వెనకున్న అంకెల రింగును చాలా ఇళ్లలో కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంచేస్తారు, సాధారణంగా డ్రిల్ బొమ్మ మీద. డ్రిల్ బొమ్మ మీద ఉంటే క్లచ్ పనిచేయదు, మెషిన్ తన బలమంతా పెట్టేస్తుంది. అది బెజ్జాలు వేయడానికి మాత్రమే.

అంకె చిన్నదైతే కొద్ది బలానికే టకటకమని జారి తిప్పడం ఆపేస్తుంది, పెద్దదైతే ఎక్కువ బలం తర్వాత ఆపుతుంది. ఏ పనికి ఏ అంకె అని పట్టిక రాయమని అడుగుతుంటారు. రాయను, ఎందుకంటే ఒక మెషిన్‌లో 5 ఇంకో మెషిన్‌లో 5 ఒకటి కావు. ఇలా చేయండి:

- రింగును 2 మీద పెట్టి, పనికిరాని ముక్కలో స్క్రూ దింపండి.
- తల చెక్కను తాకకముందే టకటకమంటే ఒక్కో అంకె పెంచండి.
- తల సరిగ్గా చెక్కతో సమానమైనప్పుడు టకటకమనే అంకె మీది.
- ఆ అంకెను మెషిన్ మీద చిన్న టేపు అంటించి రాసుకోండి, రేపటికి గుర్తుండదు.

టకటక శబ్దం వచ్చాక ట్రిగ్గర్ వదిలేయాలి. అది పాడైన శబ్దం కాదు, "చాలు" అని చెప్పే శబ్దం.

7. విప్పేటప్పుడు

బిగించడం కన్నా విప్పడానికే ఎక్కువ నెట్టాలి. స్క్రూ బయటికి వస్తోంది కదా అని మనం కూడా చెయ్యి వెనక్కి తీస్తాం, అక్కడే బిట్ జారుతుంది. మొదటి పావు చుట్టు కదిలేదాకా ఒళ్లంతా దాని మీద వేసి, ఆ తర్వాత సడలించండి.

దిశ మీట మోటారు తిరుగుతుండగా మార్చొద్దు, పూర్తిగా ఆగాక మార్చండి.

విప్పేముందు స్క్రూ తలలో పేరుకున్న రంగు, సున్నం, దుమ్ము మేకు మొనతో గీకి తీసేయండి. బిట్ లోపలిదాకా దిగకపోతే తల పోయినట్టే. తుప్పు పట్టినదైతే తుప్పు వదిలించే నూనె చుక్క వేసి పావుగంట ఆగి, మామూలు స్క్రూడ్రైవర్‌తో ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, అప్పుడు విప్పే వైపు. ఆ చిన్న కదలికకే తుప్పు పట్టు వదులుతుంది.

8. పనిని బట్టి మారే సంగతులు

పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అల్మారాలు. ఇవి చెక్క పొట్టునో సన్నని చెక్క పీచునో జిగురు కలిపి నొక్కిన పలకలు, మామూలు చెక్కలోలా లోపల పొడవాటి నారలుండవు. ఒక్కసారి మరలు లోపల గుల్ల చేశాయంటే ఆ బెజ్జం మళ్లీ పట్టుకోదు. నేను మొదట్లో ఒక పుస్తకాల అల్మారా పక్క పలకను ఇలాగే నాశనం చేసుకున్నాను, క్లచ్ డ్రిల్ బొమ్మ మీద వదిలేసి. ఇందులో క్లచ్ చిన్న అంకె మీద, చివరి రెండు చుట్లు చేత్తోనే. పలకల్ని కలిపి పట్టే గుండ్రని క్యామ్ లాకులుంటే వాటిని మెషిన్‌తో తిప్పకండి, అవి సుమారు అర చుట్టే తిరుగుతాయి, మెషిన్ వాటిని పగలగొడుతుంది. పలక మందం 18 మిల్లీమీటర్లైతే బందుల స్క్రూ 15 దాటకూడదు.

ఇదివరకే స్క్రూ పట్టిన బెజ్జంలో మళ్లీ బిగిస్తుంటే ఒక కిటుకు. స్క్రూను అందులో పెట్టి ముందు చేత్తో వెనక్కి, అంటే విప్పే వైపు మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్నగా టిక్కుమని కిందికి దిగినట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించండి. పాత మరల దారిలోనే పోతుంది, కొత్త దారి తొలచదు. ప్లాస్టిక్ సామాన్లకు కూడా ఇదే పద్ధతి.

తలుపు బందులు. తలుపు బరువును కింద చెక్క చీలికతో ఎత్తిపెట్టి, ఒక్కో బందును మాత్రమే విప్పండి, రెండూ ఒకేసారి విప్పితే తలుపు మీ మీద ఉంటుంది. ఇత్తడి స్క్రూలు మెత్తన, వాటిని నేరుగా మెషిన్‌తో దింపితే తల తెగుతుంది. అదే సైజు ఇనుప స్క్రూ ఒకటి ముందు దింపి, తీసి, ఆ దారిలో ఇత్తడిదాన్ని చేత్తో బిగించండి.

గోడ. ఇటుక, కాంక్రీటు గోడకు బెజ్జం హ్యామర్ డ్రిల్‌తోనే (కొడుతూ తిరిగే డ్రిల్). గోడ బెజ్జంలో పెట్టి స్క్రూ బిగించే ప్లాస్టిక్ ప్లగ్గు 6 మిల్లీమీటర్లదైతే బెజ్జం 6, లోతు ప్లగ్గు పొడవు కన్నా ఓ 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువ. లోపలి దుమ్ము ఊదకండి, కళ్లల్లో పడుతుంది, వాక్యూమ్ లేదా చిన్న బ్రష్‌తో తీయండి. ప్లగ్గు దిగాక స్క్రూకు మన మెషిన్ సరిపోతుంది. బిగుసుకున్నాక కూడా తిప్పుతూ పోతే ప్లగ్గు కూడా దానితోపాటు తిరగడం మొదలెడుతుంది, అప్పుడు పని మొదటికొస్తుంది. స్విచ్ బోర్డుకు, ప్లగ్ పాయింట్లకు తిన్నగా పైనా కిందా బెజ్జాలు వేయొద్దు, తీగలు ఎక్కువగా పోయేది ఆ దారుల్లోనే.

స్విచ్ బోర్డులు. ముందు ఎంసీబీ ఆపాలి, ఆపాక టెస్టర్‌తో చూడాలి, అదే టెస్టర్ పనిచేస్తోందని ముందు కరెంటున్న చోట పెట్టి చూసుకుని ఉండాలి. కార్డ్‌లెస్ మెషిన్‌కు తీగ లేదు కాబట్టి షాక్ కొట్టదనుకుంటారు. బిట్ ఇనుము, మెషిన్ పిడి కరెంటు పనుల కోసం చేసింది కాదు. మూత పలక స్క్రూలు విప్పడానికి చిన్న మెషిన్ వాడొచ్చు గానీ, తిరిగి బిగించేది చేత్తోనే, ఆ ప్లాస్టిక్ పలక ఇట్టే పగులుతుంది.

9. తప్పు జరిగాక ఏం చేయాలి

స్క్రూ తల అరిగిపోయింది, బిట్ తిరుగుతోంది. వెంటనే ఆపండి, ఇంకో రెండు సార్లు ప్రయత్నిస్తే ఉన్నది కూడా పోతుంది. ఈ వరుసలో వెళ్లండి:

- కొత్త బిట్ పెట్టి, పూర్తి బరువు వేసి, చేత్తో.
- తల మీద వెడల్పు రబ్బరు బ్యాండు పరిచి, దాని మీద నుంచి బిట్ నొక్కి మెల్లగా. కొన్నిసార్లు పనిచేస్తుంది.
- తల కాస్త పైకి ఉంటే కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పండి.
- గుంతకు కొంచెం బిగుతుగా ఉండే టార్క్స్ బిట్‌ను సుత్తితో తట్టి కూర్చోబెట్టి తిప్పండి. నాకు ఎక్కువసార్లు పనిచేసింది ఇదే.
- ఏదీ కాకపోతే స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ బిట్, అంటే అరిగిన తలలోకి కొరికి దిగి స్క్రూను బయటికి తీసేది.

బెజ్జం లూజైపోయింది, స్క్రూ ఊరికే తిరుగుతోంది. చెక్క జిగురులో ముంచిన అగ్గిపుల్లలు (మందు తీసేసినవి) లేదా పళ్లు కుట్టుకునే పుల్లలు బెజ్జం నిండేలా తోసి, పైకి మిగిలింది కోసేసి, రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు మధ్యలో సన్న బెజ్జం వేసి అదే స్క్రూ బిగించండి. ఇంకా లావు స్క్రూ వేసేయడం తేలిక అనిపిస్తుంది, చెక్కకు అవకాశం ఉన్నచోట సరే, పార్టికల్ బోర్డు అంచులో అయితే ఉబ్బి పగులుతుంది.

స్క్రూ వంకరగా దిగింది. పూర్తిగా తీసేయండి. సగంలో ఉండగా మెషిన్‌ను వంచి సరిచేయబోతే బిట్ విరుగుతుంది. ఆ బెజ్జాన్ని పైన చెప్పినట్టు పూడ్చి, కొత్తగా తిన్నగా బెజ్జం వేసుకోండి.

సగంలో ఆగి మోటారు మూలుగుతోంది. ట్రిగ్గర్ అలాగే నొక్కి పట్టకండి. తిరగని మోటారులోకి కరెంటు పోతూ ఉంటే వేడెక్కి కాలిపోతుంది. వదిలి, వెనక్కి తిప్పి స్క్రూ తీసి, బెజ్జం కొంచెం పెద్దది చేసి, మైనం రాసి మళ్లీ. చాలా చిన్న మెషిన్లలో మోటారు ఆపేసి, ఇరుసును లాక్ చేసి, మెషిన్‌నే చేతి స్క్రూడ్రైవర్‌లా తిప్పే వీలుంటుంది. మీ దాన్లో ఉంటే చివరి కాస్త అలా తిప్పండి.

చెక్క చీలింది. స్క్రూ తీసి, చీలికలోకి జిగురు పోసి, క్లాంప్ వేసి ఆరనివ్వండి. తర్వాత అంచు నుంచి ఇంకా లోపలికి జరిగి వేయండి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు అంచు నుంచి 20 మిల్లీమీటర్లైనా వదిలితే నిశ్చింత.

10. బ్యాటరీ

ఇప్పటి మెషిన్లలో దాదాపు అన్నీ లిథియం అయాన్ బ్యాటరీలే. "పూర్తిగా ఖాళీ అయ్యాకే ఛార్జి పెట్టాలి" అన్నది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం మాట, ఇప్పుడు అలా చేస్తే బ్యాటరీకి చేటు. బలం తగ్గినట్టు అనిపించగానే పెట్టేయండి.

చాలా ఇళ్లలో మెషిన్ ఏడాదిలో పది రోజులు కూడా వాడరు, పెట్టెలో పడి ఉంటుంది. అలా పెట్టేటప్పుడు నిండుగానూ కాదు, ఖాళీగానూ కాదు, సగం ఛార్జితో చల్లని పొడి చోట పెట్టి, మూణ్నాలుగు నెలలకోసారి చూడండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. పని చేసి వేడెక్కిన బ్యాటరీని కాసేపు చల్లారనిచ్చి ఛార్జి పెట్టండి, గడ్డకట్టే చలిలో ఉన్నదాన్ని గది వేడికి వచ్చాక పెట్టండి.

బ్యాటరీ ఉబ్బినట్టున్నా, ఛార్జిలో ముట్టుకోలేనంత వేడెక్కినా, వింత వాసన వస్తున్నా ఇక వాడొద్దు, విప్పి చూడొద్దు, ఇంటి చెత్తలో వేయొద్దు. పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.

పని అయ్యాక మెషిన్ లోపల పెట్టేముందు ఇవి చూసుకోండి:

- బిట్ తీశారా? దిశ మీట మధ్యలో ఉందా?
- బిట్ చివర అయస్కాంతానికి అంటిన ఇనుప రజను తుడిచారా? అది పేరుకుంటే రేపు బిట్ తలలోకి పూర్తిగా దిగదు.
- గాలి రంధ్రాల్లో చెక్క పొట్టు ఉంటే పొడి బ్రష్‌తో తీశారా?
- నేల మీద పడ్డ స్క్రూలు లెక్క చూశారా? దొరకనిదాన్ని మంచం కింద అయస్కాంతంతో వెతకండి, లేకపోతే ఎవరి పాదానికో దొరుకుతుంది.